అడుగులు లెక్కించు యంత్రము

విద్యుత్తుతో ముడిపడిన పని యనగానే మనలో ననేకులు వెనుకంజ వేయుదురు. దీపపు మీట నొక్కుటతో మన యధికారము ముగియుననియు, తీగెల సంగతి పురుషులదనియు నొక తలంపు మన యిండ్లలో వేరూనియున్నది. తండ్రిగారి యొద్ద కావ్యములు చదువుకొనుట తప్ప వేఱు చదు వెఱుగని నాబోటి గృహిణికిని ఆ పని యసాధ్యము కాదని యీ యేట తెలిసినది. ఆ ముచ్చటను సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా తమ్ముడు కువైటులో బీరువాలు, మేజాలు చేయు కార్ఖానాలో ఏడేండ్లు పనిచేసి నిరుడు అమలాపురమునకు తిరిగివచ్చెను. మన కోనసీమలో గల్ఫుదేశములకు పోయినవారు లేని వీధి యరుదు. వారు తెచ్చుకొన్న సొమ్ము ఇంటికో, పెండ్లికో చెల్లిపోవును. బ్రదుకుతెరువు మాట మరల మొదటికి వచ్చును. అట్లు కాకూడదని తమ్ముడు, తలుపులపై లతలును పూజామందిరములకు జాలీలును చెక్కు యంత్రము నొకదానిని సంపాదింప దలచెను. సిద్ధమైన యంత్రము వెల యతని శక్తికి మించినది. కావున విడిభాగములు తెప్పించి తానే కూర్చుకొన బూనెను. దీనిని సి.ఎన్.సి. రౌటరందురు. కంప్యూటరు పంపు అంకెల ననుసరించి, వడిగా తిరుగు కత్తి కొయ్యపై నడచి బొమ్మను చెక్కును.

అంకెలచే పనిముట్టును నడుపు నూహ మనకు మఱీ క్రొత్తది కాదు. మా యూరికి చేరువనున్న బండారులంక చేనేతకు పేరొందినది. నేతపని నెఱిగినవారు జకార్డు మగ్గమును గూర్చి వినియుందురు. చిల్లులు పొడిచిన అట్టలవరుసయే అందు పోగుల నెత్తి పువ్వును దించును. ఫ్రాన్సుదేశీయుడగు జకార్డు దానిని 1804వ సంవత్సర ప్రాంతమున రూపొందించెను. 1952లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు చిల్లుల పట్టీపైనుండు అంకెలతో లోహమును కోయు యంత్రమును నడిపి చూపిరి. మా తమ్ముని యంత్రము ఆ వంశములోనిదే.

చట్రమును, మరలను అతడే బిగించుకొనెను. తీగెల పని వచ్చుసరికి చేయి యాడలేదు. మావారు పాఠశాలనుండి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. “అక్కా, ఎంత పెద్ద ముగ్గైనను నీకు చుక్క తప్పదు గదా! ఈ లెక్కయు నీవే చూడరాదా?” అని తమ్ముడడిగెను. అతని యేడేండ్ల కష్టార్జితము ఆ బల్లపై పరచియుండగా కాదనుటకు నోరు రాలేదు.

మన యింటి పంకాలోని మోటారు మీట వేసినతోడనే గిరగిర తిరుగును. ఎన్ని చుట్లు తిరిగెనో యెవరికిని అక్కఱ లేదు. స్టెప్పరు మోటా రట్టిది కాదు. విద్యుత్తు తట్టిన ప్రతిసారి ఒక యడుగు వేసి నిలుచును. 200 అడుగులకు చుట్టు పూర్తి యగును. మా యంత్రమున కిట్టివి మూడు: కుడియెడమల కొకటి, ముందువెనుకల కొకటి, క్రిందుమీదుల కొకటి.

ఒక్కొక్క మోటారునుండి నాలుగు తీగెలు వెలికి వచ్చును. లోపల తీగెచుట్టలు రెండు. చుట్టకు రెండేసి కొసలు. ఏ రెండు కొసలు ఒక చుట్టవో యెఱుగుటయే మొదటి పని. అమ్మినవారి కాగితములోని రంగులు వేఱు, మా చేతిలోని తీగెల రంగులు వేఱు. అయినను జంటలను కనుగొనుటకు సులువైన యుపాయము కలదు. మోటారును దేనికిని తగిలింపక ఇరుసును వ్రేళ్లతో త్రిప్పిన తేలికగా తిరుగును. ఏవేని రెండు కొసలను తాకించి మరల త్రిప్పవలెను. ఇరుసు బిగిసి మొరాయించినచో ఆ రెండును ఒక చుట్టవి. త్రిప్పుటచే పుట్టిన విద్యుత్తు ఆ చుట్టలోనే ప్రవహించి ఇరుసునకు అడ్డుపడుటయే యిందులకు కారణము. రెండు చుట్టల కొసలు కలగాపులగమైనచో మోటారు వణకుచు మూలుగునే కాని నడువదు. ఒక చుట్ట కొసలను తారుమారు చేసినచో ఎదురుదిక్కునకు తిరుగును. అది దోషము కాదు.

కంప్యూటరు నుండి వచ్చు నాజ్ఞ మోటారును త్రిప్పుటకు చాలదు. నడుమ డ్రైవరను చిన్న పెట్టె యుండును. అది యాజ్ఞను విని, 24 ఓల్టుల సరఫరానుండి బలమును గైకొని చుట్టల కందించును. దానిపై చిన్నమీటలు కొన్ని కలవు. కొన్ని విద్యుత్ప్రవాహమునకు హద్దు నేర్పరచును; అది మోటారుపై వ్రాసియున్న కొలతకు మించరాదు. తక్కినవి యడుగును సన్నపఱచును. మేము ఒక్కొక్క యడుగును 16 భాగములు చేసితిమి. చుట్టునకు 3200 భాగములైనవి. చుట్టునకు 8 మిల్లీమీటర్లు జరుగు మర కనుక, ఒక్క మిల్లీమీటరునకు 400 తట్లు.

ఒక నియమమును మాత్రము గోడపై వ్రాసి యుంచితిని: విద్యుత్తుండగా మోటారు తీగెను ఊడదీయరాదు. ప్రవాహము హఠాత్తుగా తెగినప్పుడు చుట్టలోని శక్తి యెగసి డ్రైవరును పాడుచేయును. ఇనుపచట్రమునకు ఎర్తుతీగె కలిపితిమి. ఆపుమీటను చేతి కందునట్లుంచితిమి. పిల్లల నా గదిలోనికి రానీయలేదు.

ఇంత చేసినను ఆ యంత్రమునకు కన్నులు లేవను సంగతి మఱువరాదు. అది లెక్కమాత్ర మెఱుగును. కొయ్యలో కత్తి చిక్కి యొక యడుగు తప్పినను, తప్పలేదనుకొనియే ముందుకు సాగును. నలోపాఖ్యానములో ఋతుపర్ణుడు రథముపైనుండియే తాండ్రచెట్టు కాయలను ఆకులను లెక్కచెప్పెను. బాహుకుడు దిగి లెక్కించి చూచినగాని నమ్మలేదు. యంత్రము ఋతుపర్ణునివంటిది, దాని యొద్ద మనము బాహుకులమై యుండవలెను. నేను 100 మిల్లీమీటర్లు నడువుమని యాజ్ఞాపించి ఉక్కుబద్దతో కొలిచితిని, సరిపోయెను. పదిమార్లు పంపి రప్పించితిని. బయలుదేరిన గీతయొద్దకే వచ్చెను. తమ్ముడు ఉత్సాహముతో వేగము పెంచగా, చప్పుడైన లేక 3 మిల్లీమీటర్లు వెనుకబడెను. వేగము తగ్గించిన పిమ్మట మరల కుదురుకొనెను.

మొన్న పొరుగువారి పూజామందిరమునకు తామరపువ్వుల తలుపులు రెండు చెక్కి యిచ్చితిమి. వారిచ్చిన పైకమును తమ్ముడు మొదట నా చేతిలో పెట్టెను. అది పెద్ద మొత్తము కాదు. కాని యతడు మరల విమానమెక్కు మాట నాటినుండి మా యింట వినబడలేదు.

సోదరీమణులారా, అత్తెసరు నీరు కొలుచు చేయి, జడపాయలు తప్పక యల్లు చేయి, తీగె కొసల జంటలను గుర్తింప లేకపోవునా? కావలసినది ధైర్యము కొంత, జాగ్రత్త మిక్కిలి. తెలియనిచోట తెలిసినవారి నడిగి, మీట ఆపిన పిమ్మటనే చేయి పెట్టి, యొకమా రీ పనికి పూనుకొనుడు.