షిల్లాంగులో ఒక సంగీత రాత్రి

గడచిన కార్తికమాసమున మేము మేఘాలయ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు షిల్లాంగునకుఁ బోయి వచ్చితిమి. దీపములు పెట్టు మాసమున ఇల్లు విడిచి అంత దూరమేలయని మా అత్తగారు సణిగిరి గాని, మా అక్కగారి మాట త్రోసివేయలేక బయలుదేరితిమి. ఆమె కుమారుఁడు అక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయమున నాలుగేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాఁడు. ఏడాది నుండి తల్లి ఫోనులో మాటాడిన సగము మాటలకు బదులు చెప్పఁడట. చెప్పినను అడిగినదొకటి, చెప్పునదొకటి. "వానికి నామీఁద మనసు విఱిగినదేమో, నీవు చూచి రావే చెల్లీ" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. మావారు పాఠశాలకు పదిదినములు సెలవు పెట్టిరి.

బెజవాడలో రైలెక్కి, రెండు రాత్రులు అందులోనే గడపి గౌహతి చేరితిమి. అక్కడ నుండి షిల్లాంగు 100 కిలోమీటర్ల కొండదారి. దారిలో ఉమియం అను పెద్ద జలాశయము కలదు. బారాపాని యనియు నందురు. కాళిదాసుని హిమాలయ వర్ణనమునఁ జదివిన సరళవృక్షముల జాతిచెట్లను మేము కన్నులారఁ జూచుట అదియే మొదలు. పట్టణము సముద్రమట్టమునకు ఇంచుమించు 1500 మీటర్ల ఎత్తున నున్నది. నవంబరు నెలలో సాయంకాలము నాలుగున్నరకే ప్రొద్దు గ్రుంకును. ఆ నెలలోనే అక్కడి చెఱ్ఱీచెట్లు ఆకు కనఁబడకుండ గులాబివన్నె పూలు పూచును.

అంగళ్లలో బేరము సాగించువారు చాలవఱకు స్త్రీలే. ఖాసీజాతి వారిలో వంశము తల్లి పేర నడచును. పిత్రార్జితమనఁదగిన యిల్లు కడగొట్టు కూఁతురికిఁ జెందును. తల్లిదండ్రులను ముసలితనమునఁ జూచుకొను బరువును ఆమెదే. మావారు ఇది విని, "మీ పుట్టింట నీవే కడగొట్టుదానవు గదా, ఇక్కడఁ బుట్టియుండిన బాగుండెడిది" యని నవ్విరి. ఎవరింటికిఁ బోయినను మొదట క్వాయ్ అను తాంబూలమిత్తురు. పచ్చివక్క, తమలపాకు, సున్నము. మన తాంబూలమే యని నోట వేసికొంటిమి గాని, ఆ వక్క ఘాటునకు చెమటలు పట్టినవి.

ఆ యూరిలో గిటారు లేని యిల్లు అరుదని చెప్పవచ్చును. క్రైస్తవ ప్రార్థనా మందిరములలో చిన్ననాఁటి నుండి పలువురు గొంతులు కలిపి పాడుట అలవాటగుటచే, స్వరజ్ఞానము వారికి ఉగ్గుబాలతో వచ్చును. లూ మజా అను గాయకుఁడు 1972 నుండి ఏటేట మే 24వ తేదీన అమెరికా కవి గాయకుఁడు బాబ్ డిలన్ పుట్టినదినమును అక్కడ పాటలతో జరుపుచు వచ్చెను. రాక్ సంగీతమునకు భారతదేశమున షిల్లాంగే రాజధానియని ఆ యూరివారు గర్వముగాఁ జెప్పుకొందురు.

మా అబ్బాయికిని ఆ గాలి సోఁకినది. స్నేహితులతోఁ గూడి శనివారము లందు డ్రమ్ములు వాయించుచున్నాఁడు. మేము వెళ్లిన మఱునాఁడే ఒక సంగతి కనిపెట్టితిమి. వంటయింటి నుండి "శెనగపిండి ఉన్నదా?" యని యడుగఁగా వాఁడు లేచివచ్చి పెనము చేతికిచ్చెను. మొదట నవ్వు వచ్చినది. పిదప నవ్వు రాలేదు. వెనుక నుండి పిలిచినఁ బలుకఁడు; ఎదుట నిలిచి పిలిచినఁ బలుకును. మాటాడువారి కన్నులు చూడక పెదవులు చూచును. రాత్రి భోజనమైన తరువాత మెల్లగా నడిగితిమి.

"చెవిలో కీచురాయి కూసినట్లుండును పిన్నీ. మునుపు పాటకచ్చేరి అయిన రాత్రి కూసి, తెల్లవారునప్పటికిఁ బోయెడిది. మూఁడు మాసముల నుండి పోవుట లేదు" అని చెప్పి, "అమ్మకుఁ జెప్పవద్దు" అనెను.

ఆ శనివారము ఒక మైదానమున గొప్ప రాక్ కచ్చేరి జరిగెను. వాని లోకమెట్టిదో చూడవలెనని మేమును వెళ్లితిమి. వాఁడు మా యిద్దఱికిని ఇయర్‌ప్లగ్గులు కొని తెచ్చెను గాని, తనకుఁ దెచ్చుకొనలేదు. అవి పెట్టుకొన్న సంగీతము చప్పఁబడునఁట! మావారు అవి జేబులో వేసికొని "నలువది యైదుగురు పిల్లల తరగతిని పదునైదేండ్లుగా వినుచున్నాను, ఇదెంత?" అనిరి. మేమా బిరడాలను చూచి జంకి, ఇంటి నుండి తెచ్చిన దూదినే చెవులఁ బెట్టుకొంటిమి.

వేదిక కిరుప్రక్కల నల్లని స్పీకరు పెట్టెలు తాటిచెట్టంత యెత్తు వ్రేలాడుచున్నవి. మొదటి దెబ్బ చెవికిఁ గాదు, ఱొమ్మునకుఁ దగిలినది. శివధనుస్సు విఱిగిన ధ్వనికి విశ్వామిత్రుఁడు, జనకుఁడు, రామలక్ష్మణులు తప్ప తక్కినవారందఱును మూర్ఛిల్లిరని వాల్మీకి చెప్పియున్నాఁడు. చిన్ననాఁడు మా తండ్రిగారు ఆ ఘట్టము చెప్పినప్పుడు అతిశయోక్తి యనుకొంటిమి. ఆ మైదానమున మాత్రము ఒక్కరును మూర్ఛిల్లలేదు; వేలకొలఁది పడుచువారు చేతులెత్తి యెగురుచుండిరి. నిజము చెప్పవలెనన్న మాకును కొంతసేపటికి పాదము తాళము వేయసాగినది. ఒక చిన్నది గిటారుపై వాయించిన విలంబ గీతమొకటి ఇప్పటికిని మఱపునకు రాదు.

మా ప్రక్కనే ఒక ఖాసీ తల్లి ఐదేండ్ల పిల్లను చంకనెత్తుకొని నిలిచియుండెను. ఆ పిల్ల చెవులకుఁ గొబ్బరిచిప్పలవంటి మూతలు కలవు. మా దూదిని చూచి ఆ తల్లి నవ్వి, వచ్చీరాని హిందీలో "ఇది గాలినే ఆపదు, ధ్వనిని ఏమాపును?" అని, మా చేతిలోని నురుగు బిరడాను తీసికొని చూపెను. దానిని వ్రేళ్ల నడుమ వత్తివలె సన్నముగా నలుపవలెను. రెండవ చేతిని తలమీఁదుగాఁ బోనిచ్చి చెవిని పైకిని వెనుకకును లాగి, లోనికిఁ జొనిపి, అది ఉబ్బి నిండువఱకు వ్రేలితో నదిమి పట్టవలెను. ఊరక చెవి మొదట తగిలించిన ఫలము లేదు. ఆమె చెప్పినట్లు చేయఁగానే హోరు తగ్గి, పాట లోపలి మాటలు మునుపటి కంటె తేటగా వినవచ్చినవి! మావారి సెల్‌ఫోనులో ధ్వనిని కొలుచు సాధనము 104 డెసిబెల్సు చూపుచుండెను.

ఈ లెక్క ఇంటింట తెలియఁదగినది. మన మామూలు మాట 60 డెసిబెల్సు. 85 డెసిబెల్సు ధ్వనిని రోజుకు 8 గంటలు సహింపవచ్చును. ఆపైన ప్రతి 3 డెసిబెల్సునకును కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు; 100 చేరునప్పటికి పావుగంటయే. 104 అనఁగా ఆఱేడు నిమిషములు. కచ్చేరి జరిగినది మూఁడు గంటలు. ఈ లెక్క మావారే వేసి, మాటాడక జేబులోని బిరడాలు తీసి పెట్టుకొనిరి. అప్పటికే అరగంట గడచినది. ఆ రాత్రియు మఱునాఁడును వారి చెవులు గింగురుమనుచునే యుండెను. పిదప మేము వెనుకకు జరిగితిమి. బయలుమైదానమున స్పీకరు నుండి దూరము రెట్టింపైనచో ఇంచుమించు 6 డెసిబెల్సు తగ్గును.

ప్రపంచారోగ్య సంస్థ 2022లో వెలువరించిన ప్రమాణములలో, ఇట్టి సభలలో సగటు ధ్వని 100 డెసిబెల్సు మించరాదనియు, చెవిరక్షణ సాధనములు అక్కడనే దొరకవలెననియు, చెవులు విశ్రమించుటకు నిశ్శబ్ద స్థలముండవలెననియు గలదు. మేము చూచిన సభలో ఈ మూఁటిలో నొక్కటియు లేదు. తినుబండారముల కొట్లు మాత్రము ఇరువది యుండెను. 1976లో లండనులోని చార్ల్‌టన్‌లో ది హూ అను బృందము వాయించినప్పుడు 32 మీటర్ల దూరమున 126 డెసిబెల్సు నమోదయి గిన్నిసు పుస్తకమున కెక్కినది. చెవులు చెడునను భయముచే ఆ పుస్తకమువారు తరువాత అట్టి రికార్డులను మానుకొనిరి. ఆ బృందమున గిటారు వాయించిన పీట్ టౌన్షెండ్ తన వినికిడి చెడినదని తానే లోకమునకుఁ జెప్పెను.

సోమవారమునాఁడు అబ్బాయిని బ్రతిమాలి ఆసుపత్రికిఁ దోడ్కొనిపోయితిమి. అద్దపు గదిలోఁ గూర్చుండఁబెట్టి, సన్నని కూఁతలు వినిపించి, వినఁబడినపుడెల్ల మీట నొక్కుమనిరి. మాకు వినఁబడుచున్న కూఁతకు సయితము వాని చేయి కదలలేదు. డాక్టరమ్మ చూపిన గీఁత రెండు చెవులకును 4000 హెర్ట్జుల చోట గోతిలో దిగినట్లు దిగియుండెను. ఎడమచెవిది మఱింత లోఁతు. చెవి లోపల నత్తగుల్లవంటి గూడులో రోమములు గల కణములు ఇంచుమించు 15,000 ఉండును. హెచ్చుస్థాయి ధ్వనులను పట్టు కణములు గుమ్మము దగ్గఱి చాపవలె ముందుగా అరిగిపోవును. శ, ష, స లు వానితోఁ బోవును, అచ్చులు నిలుచును. శెనగపిండి పెనమగుట అందువలననే! కోడిపెట్టకు అవి మరల మొలచునఁట; మనుష్యులకు మొలవవు. పోయినది రాదనియు, ఉన్నదానిని కాపాడుకొనవచ్చుననియు, కీచురాయి బాధను తగ్గించు ఉపాయములు కలవనియు డాక్టరమ్మ చెప్పెను. మన యూళ్లలో ఊరేగింపు బండ్లపైఁ బెట్టు స్పీకర్ల ముందు చంటిబిడ్డలను భుజమున వేసికొని నిలుచు తల్లులు మా కన్నులఁ గట్టిరి.

వాయించుట మానుమని మేము చెప్పలేదు. చెప్పినను వినఁడు, వినవలసిన పనియు లేదు. సంగీతగాండ్రకు వేఱు ప్లగ్గులు కలవు. అవి అన్ని స్థాయిలను సమముగాఁ దగ్గించును గాన పాట చప్పఁబడదు. వాని చెవుల అచ్చులు తీయించి, గాజులకై దాచిన సొమ్ములోఁ గొంత అచ్చటఁ గట్టి వచ్చితిమి.

తల్లికిఁ జెప్పవద్దన్న మాట మాత్రము మేము చెల్లింపలేదు. "నీవు తనపై అలిగితివని మీ యమ్మ ఏడాదిగా ఏడ్చుచున్నది" అంటిమి. వాఁడు చాలసేపు కిటికీలోనుండి చెఱ్ఱీచెట్టును చూచుచు నిలిచెను. పిదప ఫోను కుడిచెవికిఁ జేర్చుకొని వసారాలోనికిఁ బోయెను. సంగతి విన్నంతనే మా అక్కగారు గట్టిగా మాటాడిననే వినఁబడు ననుకొని కాఁబోలు, వంటయింటనున్న మాకును తెలియునంతగాఁ గేకలు వేయసాగెను.

"అరవకమ్మా" అనుచుండెను వాఁడు. "మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పు. వినుచున్నాను."