కాలి నాడిని కనిపెట్టి యుండువారు

ఇంటిలో నెవరికి జబ్బుచేసినను పరిచర్య మన వంతే యని లోక మెంచుచున్నది. పథ్యము వండుట, వేళకు మందిచ్చుట, రాత్రులు మేలుకొనుట మనకు పుట్టుకతోడనే వచ్చినట్లు పెద్దలు మాటలాడుదురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని యింటి పరిచర్య వేఱు, వైద్యశాల పరిచర్య వేఱు. ఈ భేదము మాకు గడచిన వేసవిలో అనుభవము మీద తెలిసినది. దానిని మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

మేము మువ్వురము తోడికోడండ్రము. పెద్దామె కాపురము తెనాలిలో, నడిమి యామెది బాపట్లలో, చిన్నామెది రేపల్లెలో. అత్తగారు ఏటికి నాలుగేసి నెలలు ఒక్కొక్కరి యింట నుందురు. ఆమెకు పదునైదేండ్లుగా చక్కెరవ్యాధి గలదు. నాలుగడుగులు వేసినచో పిక్క పట్టుకొనుట, నిలిచినచో తగ్గుట మొదలయ్యెను. కాలి బొటనవ్రేలు నల్లబడగనే నగరములోని యొక వైద్యశాలకు తీసికొనిపోతిమి. తొడలోని ధమని పూడిపోయినదని పరీక్షలో తేలినది. వైద్యులు కాలిలోని సిరనే తీసి, పూడిన చోటును దాటించి, నెత్తురునకు క్రొత్తదారి వేసిరి. మన డెల్టా రైతుల మాటలో చెప్పవలెనన్న, పూడిన కాలువ ప్రక్కన బోదె త్రవ్వి చివరి పొలమునకు నీరు పాఱించుట వంటిది.

శస్త్రచికిత్స కొన్ని గంటలలో ముగిసినది. కాపు అప్పుడే మొదలైనది. ఇట్టి క్రొత్తదారిలో మొదటి దినములలోనే నెత్తురు గడ్డకట్టి దారి మూసికొనిపోవచ్చును. కనుక నర్సు గంటగంటకు వచ్చి పాదము వెచ్చగా నున్నదో లేదో, రంగు మాఱినదో లేదో చూడవలెను. గోరు నొక్కి విడిచినచో ఎఱుపు వెంటనే తిరిగి రావలెను, వ్రేళ్లు కదలవలెను, స్పర్శ తెలియవలెను. పాదము మీద నొక నాడి, లోపలి చీలమండ వెనుక నొక నాడి గలవు. అవి దొరకిన తావున సిరాతో గుర్తుపెట్టి, ప్రతిసారి యచ్చటనే వ్రేలుంచి చూతురు. వ్రేలికి అందనిచో డాప్లర్ అను చిన్న యంత్రముతో నెత్తురు పాఱు సవ్వడి విందురు. ఇవిగాక నెత్తురు గడ్డకట్టకుండ నిచ్చు హెపారిన్ మోతాదు, గాయమునుండి నెత్తురు కాఱుట, రక్తపుపోటు, చక్కెర, మూత్రము, మడమల క్రింద పుండ్లు పడకుండుట, అన్నియు నామె చూచుకొనవలసినవే.

మేమును వంతులు వేసికొంటిమి. పగలు తెనాలి యామె, సాయంకాలము రేపల్లె యామె, రాత్రి బాపట్ల యామె. రెండవ రాత్రి రెండు గంటల వేళ అత్తగారు నిద్రించుచుండిరి. ప్రక్కనే కూర్చున్న మా యామె కన్నులకు తేడా యేమియు కనబడలేదు. నర్సు వచ్చి, దుప్పటి తొలగించి, గుర్తు మీద వ్రేలుంచి, చాలసేపు కదలక నిలిచెను. పిమ్మట యంత్రము నానించెను. సవ్వడి లేదు. "అమ్మా, నాడి దొరకుట లేదు, డాక్టరుగారిని పిలుచుచున్నాను" అని మాత్రము చెప్పి పరుగున పోయెను. గంట తిరుగకముందే అత్తగారిని మరల శస్త్రచికిత్సకు గొనిపోయి గడ్డను తీసివేసిరి. నెత్తురందని కండరము సుమారు ఆఱు గంటలు దాటినచో తిరిగి కోలుకొనుట దుర్లభ మని పిదప వైద్యులు చెప్పిరి. రెండు వ్రేళ్లు పోయినవి, కాలు దక్కినది. ఇప్పు డామె చేతికఱ్ఱ పట్టుకొని తెనాలి యింటి తులసికోట చుట్టు తానే తిరుగుచున్నారు.

తెల్లవారిన పిమ్మట కృతజ్ఞతతో ఆ నర్సును పలుకరించి, రాత్రి యెందఱిని చూచితివమ్మా యని యడిగితిమి. ఇరువదియాఱుగురని చెప్పెను. జతగా నుండవలసిన యామె సెలవులో నున్నది; బదులెవరును రాలేదు. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అలసట మాత్ర ముండెను. మాకు మాత్రము గుండె ఝల్లుమన్నది. అవతలి పడకలో నెవరికైన ఆయాసము వచ్చి, ఆమె యచ్చటనే మూడు నాలుగు గంటలు చిక్కువడినచో మా అత్తగారి కాలు ఏమై యుండును? ఒక్క రోగిని చూచుటకు మేము మువ్వురము వంతులు వేసికొని, తొమ్మిది దినములలో సొమ్మసిల్లితిమి. ఆమె యొక్కతె యిరువదియాఱుగురకు కాపు.

పిదప మేము ఈ విషయమును గూర్చి చదివి తెలిసికొన్నది కొంత చెప్పెదము. మన దేశములో నర్సుల విద్యకు, వృత్తికి 1947 చట్టము ననుసరించి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడినది. వైద్యవిద్య నేర్పు ఆస్పత్రులలో సాధారణ వార్డులందు ముగ్గురు రోగులకు ఒక నర్సు, తక్కిన ఆస్పత్రులలో అయిదుగురకు ఒక నర్సు ఉండవలెనని కౌన్సిల్ ప్రమాణము. దీనిని పైపైన చదివి, ప్రతి నర్సు చేతిలో ముగ్గురే యుందురని భ్రమింపరాదు. దినమునకు మూడు వంతులు గదా. కావున వంతునకు చూచినచో ఒక్కొక్క నర్సునకు తొమ్మండుగురు, రెండవ తరగతిలో పదునైదుగురు వత్తురు. సెలవులకై నూటికి 30 మంది చొప్పున అదనముగ నియమింపవలెనని కూడ ఆ ప్రమాణములోనే యున్నది. ఈ యదనపు వంతు లేనిచోట ఒకరి సెలవు మఱియొకరి వీపు మీద బరువగును. ఆ రాత్రి మేము చూచినది అదియే.

బరువు హెచ్చిన నేమగు నను ప్రశ్నకు లెక్కలతో జవాబు గలదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లిండా ఐకెన్ అను నర్సు పండితురాలును, ఆమె తోడివారును 168 ఆస్పత్రులలో 2,32,342 మంది రోగుల వివరములను పరిశీలించి 2002లో ప్రకటించిరి. ఆ రోగులు సాధారణ శస్త్రచికిత్స, ఎముకల శస్త్రచికిత్స, రక్తనాళముల శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. నర్సునకు ఒక్కొక్క రోగి యెక్కువైనకొలది, ముప్పది దినములలోపల మరణించు అవకాశము అంతకుముందున్న దానిపై నూటికి 7 వంతులు హెచ్చెను. ఉపద్రవము పుట్టిన పిమ్మట రోగిని రక్షింపలేకపోవుటయు నంతే హెచ్చెను. కాలిఫోర్నియా రాష్ట్రము 1999లోనే ఇందుకై చట్టము చేసి, 2004 మొదలు వార్డులలో నర్సునకు ఇందఱికి మించి రోగులుండరాదని నిర్ణయము అమలుపఱచినది.

సోదరీమణులారా! ఇక్కడ మన మాలోచింపవలసిన సంగతి యొకటి గలదు. మన వార్డులలో ప్రతి పడక ప్రక్కను ఒక కోడలో, కూతురో, భార్యయో కూర్చుండి యుండును. నీళ్లు త్రాగించుట, ప్రక్క మార్చుట, మలమూత్రములెత్తుట, సెలైను సీసా అయిపోవుచున్నదని పరుగెత్తి చెప్పుట, అన్నియు మనమే చేయుదుము. ప్రేమతో చేయు పనియే. కాని యా ప్రేమ చాటున నర్సుల కొఱత దాగియున్నది. మనము పడక యొద్ద నున్నాము గదా యని నియామకములు చేయవలసినవారు నిశ్చింతగ నుందురు. మన చేయి నుదురు నిమురగలదు. నాడి తప్పినదని గుర్తింపజాలదు. ఆ వ్రేలికి ఏండ్ల శిక్షణ కావలెను. బీఎస్సీ నర్సింగ్ చదువే నాలుగేండ్లు.

మన గుంటూరు సీమకు ఈ విద్య క్రొత్త గాదు. ఆనా కూగ్లర్ అను అమెరికా వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకు, శిశువులకు వైద్యశాల తెఱచెను. పరుల దేహము తాకు పని మంచి యిండ్ల బిడ్డలకు తగదని నాడు శంకించినవారెందఱో. నేడు మన పల్లెల బాలికలు ఈ విద్య నేర్చి గల్ఫు దేశములకు, ఇంగ్లండునకు పోవుచున్నారు. వారిని తప్పుపట్ట నేల? జీతము, గౌరవము, సెలవు ఇచ్చటనే దొరకినచో పుట్టినయూరిలో నుండుటకు ఎవరికి చేదు?

ఇంటిలో మన చేతనైనది మనము చేయుదము. చక్కెరవ్యాధి గలవారి పాదములను ప్రతిదినము వెలుతురులో చూడవలెను. వరిచేలలో చెప్పులు లేక తిరుగనీయరాదు. మొద్దుబాఱిన పాదమునకు వేడినీటి కాపడము పెట్టరాదు. చుట్ట, బీడీ మాన్పింపవలెను. పొగాకు కాలి నెత్తుటిదారికి పరమశత్రువు. నడచినప్పుడు పిక్క పట్టుట, ఆగినప్పుడు తగ్గుట కనబడినచో ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను.

ఇక వైద్యశాలలో చేరునప్పుడు గది యద్దె యెంత, మందుల ఖర్చెంత యని మన మగవారు తప్పక యడుగుదురు. వానితోబాటు మఱియొక ప్రశ్న మనము అడుగుట నేర్చుకొందము: ఈ రాత్రి యీ వార్డులో రోగులెందఱు, నర్సులెందఱు? దీనిని అలసిన నర్సునుగాక యాజమాన్యమును అడుగవలెను; ప్రభుత్వ వైద్యశాలయైనచో మన ప్రతినిధులను అడుగవలెను. పదిమంది యిల్లాండ్రు పదిసార్లు మర్యాదగ నడిగిన ప్రశ్నకు జవాబీయక తప్పించుకొనుట యెవరికిని సులభము కాదు.