నాన్నే గైడు

"ఆషాఢంలో ఎవరైనా కోనసీమ చూడ్డానికి వస్తారంట్రా? గాలికి ఎగిరిపోతారు" అన్నారు నాన్న ఫోన్లో. అయినా హైదరాబాద్ నుంచి ఆఫీసు స్నేహితులు ఇద్దరిని వెంటేసుకుని రాజోలు దగ్గర మా ఊరెళ్లాను. నాకు వేరే పని కూడా ఉంది. దింపు తీసేవాళ్లు దొరకట్లేదు, కాయకి ధర లేదు. ఎకరంన్నర తోట అమ్మేసి మా దగ్గరికొచ్చేయమని నాన్నకి చెప్పాలి.

గైడు ఆయనే. ముందు పి.గన్నవరం అక్విడెక్టు. వైనతేయ మీదుగా కాలువనే దాటించిన కట్టడం. కాటన్ దొర కాలంలో, 1850ల్లో కట్టారు. "రాజోలు వైపంతా వశిష్ట, వైనతేయ, సముద్రం మధ్య దీవండీ. దీనికి మంచినీళ్లు, సాగునీళ్లు ఇలా గాల్లోంచే వచ్చాయి" అన్నారు మా వాళ్లతో. పక్కన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు. ఆకలితో వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా వండిపెట్టిన తల్లి. ఇంజనీరింగ్ చదివి కూడా ఆ కమానుల కేసి ఇంత శ్రద్ధగా చూడ్డం నాకదే మొదటిసారి.

మధ్యాహ్నానికి అంతర్వేది. కోపనాతి కృష్ణమ్మగారు కట్టించిన లక్ష్మీనరసింహస్వామి గుడి. 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయింది. కొన్ని నెలల్లోనే కొత్తది చేసి, భీష్మ ఏకాదశికి మళ్లీ లాగారు.

దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం. వశిష్ట సముద్రంలో కలిసే చోటు. ఇసుక కళ్లల్లో కొడుతోంది, మాట మాటకి అందట్లేదు. ఫోటో తీద్దామంటే ఫోన్ చేతిలో నిలవలేదు. "ఇదేం గాలంకుల్!" అన్నాడు మా కరీంనగర్ వాడు.

నాన్న నవ్వారు. "ఇది గాలి కాదు బాబూ. గాలంటే 1996 నవంబరు 6 రాత్రిది. వీడప్పుడు వాళ్లమ్మ కడుపులో ఉన్నాడు. పెంకులు లేచిపోతుంటే ఆవిణ్ణి మంచం కింద కూర్చోబెట్టాం. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. నూట పది చెట్లకి తొమ్మిది మిగిలాయి."

ఈ లెక్క నాకెప్పుడూ చెప్పలేదు.

"మరి ఏం చేశారంకుల్?"

"ఏం చేస్తాం? వీడు పుట్టిన ఏడాదే మొక్కలేశాం. కాపుకొచ్చేదాకా కూలికెళ్లాను. వీడు బళ్లో రెండో క్లాసుకొచ్చేసరికి మొదటి గెల వేసింది."

నా బీటెక్ ఫీజు ఆ కాయలదే. అంతవరకు తెలుసు. ఆ చెట్లది నా వయసేనని మాత్రం అప్పుడే తెలిసింది.

రాత్రి భోజనాలయ్యాక నాన్నే అడిగారు. "ఏదో మాట్లాడాలన్నావ్?"

బయట ఆకులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. "దింపువాళ్లకి నేను డబ్బులు పంపిస్తాను. ఈ ఏడాదికి చూద్దాం" అన్నాను.

"ఊఁ" అన్నారు. కాసేపాగి, "చివరి వరసలో రెండు చెట్లు పోయాయి. పొద్దున్నే మొక్కలు తెద్దాం, వస్తావా?" అన్నారు.

హైదరాబాద్ బస్సు మర్నాటికి మార్చుకున్నాం.