రాజుల సినిమాలో ఒక జాలరి

చారిత్రక చిత్రం అనగానే మన కళ్ళముందు మెదిలేవి కోటగుమ్మాలు, కత్తులు, కిరీటాలు. 'మహామంత్రి తిమ్మరుసు' (1962), 'బొబ్బిలి యుద్ధం' (1964) వంటి చిత్రాలంటే నాకు ఇప్పటికీ అపారమైన గౌరవం. అయితే కొరియావారి రాచరికపు సినిమాలను వరుసగా చూస్తున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. రాజుగారి కథలో జాలరికి చోటెక్కడ?

కొరియాను 1392 నుంచి అయిదు శతాబ్దాలకు పైగా ఏలిన వంశం జోసన్. ఆ కాలాన్ని తెరకెక్కించడంలో దర్శకుడు లీ జూన్ ఇక్‌ది అందెవేసిన చెయ్యి. 2005లో వచ్చిన 'ది కింగ్ అండ్ ది క్లౌన్'లో క్రూరుడైన రాజు ఎదుట ఆడి నవ్వించవలసిన విదూషకుల బతుకును చూపాడు. 2015 నాటి 'ది థ్రోన్'లో, 1762లో కన్నకొడుకును బియ్యపుపెట్టెలో బంధించి చంపిన యోంగ్జో రాజు కథ చెప్పాడు. రెండింటిలోనూ కథ చివరికి సింహాసనం చుట్టూనే తిరుగుతుంది. 2021లో ఆయనే తీసిన 'ది బుక్ ఆఫ్ ఫిష్' మాత్రం మొదట్లోనే రాజధానిని విడిచి, ఒక మారుమూల దీవికి ప్రయాణం కడుతుంది. దాదాపు సినిమా అంతా నలుపు తెలుపుల్లోనే సాగుతుంది.

1801లో కొరియా రాజ్యం క్రైస్తవాన్ని ఆశ్రయించినవారిపై విరుచుకుపడింది. అప్పుడు పట్టుబడిన పండితుడు జంగ్ యక్‌జన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది. మళ్ళీ రాజధాని ముఖం చూడకుండానే 1816లో ఆయన కన్నుమూశాడు. హుక్సాన్ దీవిలో ఉండగా ఆయన రాసింది ధర్మశాస్త్ర వ్యాఖ్యానం కాదు, చేపల పుస్తకం! 1814 నాటి ఆ 'జసాన్ ఒబో'లో రెండువందలకు పైగా జలచరాల పేర్లు, రూపాలు, గుణాలు ఉన్నాయి. తనకు ఈ విద్యలో తోడుపడిన దీవివాసి ఛాంగ్దే పేరును పండితుడు ముందుమాటలోనే రాసిపెట్టాడు.

ఆ ఒక్క పేరును పట్టుకుని అల్లిన కథే సినిమా. పండితుడు జాలరికి చదువు చెబుతాడు. జాలరి పండితుడికి సముద్రాన్ని చెబుతాడు. ఎవరు గురువో ఎవరు శిష్యుడో తేల్చడం కష్టం. చదువుకున్న ఛాంగ్దే ఆశగా కొలువులో చేరి, చచ్చినవాడి పేరిటా పసిగుడ్డు పేరిటా పన్ను గుంజే అధికారులను చూసి విలవిల్లాడతాడు. యుద్ధాలు లేని ఈ కథలో రాజ్యమంటే ఏమిటో తెలిసినంతగా, వేయి గుర్రాల దండయాత్రలో తెలియదు.

ఇలాంటి ముడిసరుకు మనకు లేకపోలేదు. యక్‌జన్ దీవికి చేరిన రెండేళ్ళకు, అంటే 1803లో, లండన్‌లో ఒక పుస్తకం వెలువడింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్, ఆ తీరాన సేకరించిన రెండువందల చేపలను బొమ్మలతో సహా రెండు సంపుటాలలో వర్ణించాడు. ఎన్నో చేపలకు స్థానికుల నోట పలికే పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో వేశాడు. సొరచేప ఆ పుటల్లో సొరగానే ఉంది. వాటిని వలవేసి పట్టి, పేరు చెప్పి అందించినవారి కథ ఇంతవరకు మన తెరమీదికి ఎక్కలేదు.

మా కోనసీమలో ఆ విద్య ఇంకా నోటిమీదే బతుకుతోంది. వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదిలోనైనా, వైనతేయ కలిసే ఓడలరేవులోనైనా పెద్దవాళ్ళను కదిపితే తెలుస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పులస ఎదురీదుతుందని, తూరుపుగాలి తిరిగితే చీరమేను పడుతుందని వాళ్ళు చెబుతారు. సముద్రంలో ఉన్నంతకాలం విలస అని, ఏటిలోకి వచ్చాకే పులస అని పేరు మార్చి పిలవడంలో ఎంత పరిశీలన ఉంది! పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మనందరికీ కంఠస్థమే. పులస ధర కూడా ఏటేటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ చేప దారి తెలిసినవాడి పేరు మాత్రం మనం ఎక్కడా రాసుకోలేదు. అతని కొడుకు వల వదిలి పట్నానికో గల్ఫుకో పోతే, ఆ తెలివిడి అతనితోనే ఆగిపోతుంది.

మన దర్శకులు కోట దాటి రేవుకు ఎప్పుడు వస్తారో చెప్పలేను. అంతదాకా మనం ఆగనక్కరలేదు కదా. సముద్రం ఒడ్డునో, ఏటిగట్టునో, చెరువు పక్కనో పుట్టిన మిత్రులారా, మీ ఊరి చేపల పేర్లు నాలుగు రాసిపెట్టండి. వాటి పక్కనే, ఆ పేర్లు మీకు చెప్పినవారి పేరు కూడా రాయండి.