అమ్మ బిళ్ళల డబ్బా

ఫిబ్రవరి 8, 2025. కవిటి

రాత్రి వచ్చేసరికి అమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళా అంటే "ఏటీ లేదే, కాళ్ళు కడుక్కో" అంది. కింద కంచం పెట్టడానికి వంగలేకపోయింది. నేనే పెట్టుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి వంగలేకపోతోందో.

ఫిబ్రవరి 9

పాత బిస్కెట్ల డబ్బా నిండా బిళ్ళలు. అన్నీ కత్తిరించిన అట్టలే. షాపులో నాలుగేసి కత్తిరించి ఇస్తారు. పేరున్న ముక్క ఎవరికి పోతుందో!

అమ్మ రంగులతో చెప్పింది. తెల్ల పొడుగుది ఒళ్ళు నొప్పులకి, మూడు పూటలా. నారింజది తలనొప్పికి, రోజుకొకటి. మోకాళ్ళది పొద్దున, రాత్రి. వారం నుంచి జలుబుది రోజుకి రెండు.

వెతికి వెతికి అన్నిటి పేర్లూ పట్టుకుని కాగితం మీద వేశాను. తెల్లదాంట్లో పారాసిటమాల్ 650. నారింజదాంట్లో ఐబుప్రొఫెన్ 400, దాంతో పారాసిటమాల్ 325. మోకాళ్ళదాంట్లో ఎసిక్లోఫెనాక్ 100, మళ్ళీ పారాసిటమాల్ 325. జలుబుదాంట్లో కూడా అదే, 500.

1950, 325, 650, 1000. పారాసిటమాల్ మొత్తం 3925 మిల్లీగ్రాములు.

నిక్షేపంగా ఉన్న మనిషికి రోజుకి పైహద్దు నాలుగు గ్రాములు. అమ్మ 46 కిలోలు. అరవై ఎనిమిదేళ్ళు. నాలుగు బాధలకి నాలుగు మందులు వేసుకుంటున్నానని అనుకుంటోంది.

ఫిబ్రవరి 10

నిద్ర లేదు. ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ ఒకే జాతివి. ఎప్పుడూ కలపకూడనివి. రెండూ రోజూ పడుతున్నాయి. పైన గుండెకి రాసిన ఆస్పిరిన్ 75. పైన బీపీ బిళ్ళ.

అది కూడా ఏ ఊళ్ళో? మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. మా ఉద్దానంలో మనిషి కనబడితే క్రియాటినిన్ ఎంతుంది అని అడుగుతారు. ఈ కిడ్నీ జబ్బుకి నీళ్ళంటారు, ఎండలో పని అంటారు, నొప్పి బిళ్ళలంటారు. కారణం ఇంకా తేలలేదు. తేలేదాకా అమ్మ డబ్బా అలా ఉండనివ్వాలా?

ఫిబ్రవరి 12. పలాస

డాక్టరు గారు డబ్బా మొత్తం బల్ల మీద పోయించారు. కసరలేదు. చీటీ వెనక బొమ్మ వేశారు. కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని నొప్పి బిళ్ళ ఇరుకు చేస్తుంది. బయటికి పోయే దారిని బీపీ బిళ్ళలోని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. అదే బిళ్ళలో ఉన్న నీటి మందు ఒంట్లో నీళ్ళు తగ్గిస్తుంది. మూడూ కలిస్తే లోపల వడకట్టడానికి ఒత్తిడే మిగలదట. కాలవలో నీళ్ళు తగ్గితే మడికి ఎక్కనట్టే కదా అంది అమ్మ. ఆయన పెన్ను ఆపి ఆవిడ వైపు చూశారు.

ఆస్పిరిన్ సంగతి వేరు. అది కూర్చోవాల్సిన చోట ఐబుప్రొఫెన్ ముందే వచ్చి కూర్చుంటే గుండెకి వేసుకున్న బిళ్ళ పని చేయకుండా పోవచ్చట. రెండేళ్ళుగా ఒక్క పూట మానకుండా వేసుకుంటోంది ఆ బిళ్ళ.

విరేచనం నల్లగా అవుతోందా అమ్మా, అని అడిగారు. అమ్మ నా వైపు చూసింది. జవాబు లేదు.

క్రియాటినిన్ 1.5. రక్తంలో హిమోగ్లోబిన్ 9.8.

ఫిబ్రవరి 13

నా హ్యాండ్‌బ్యాగులోనూ అదే నారింజ బిళ్ళ, అదే తెల్ల బిళ్ళ. తలనొప్పి వస్తే రెండూ కలిపి వేసుకుంటాను. నిన్న డాక్టరు గారిని అడిగాను. గుండె, కడుపు, కిడ్నీ బాగున్నవాళ్ళకి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కలపొచ్చు, పనిచేసే తీరు వేరు, తిన్నాక, రెండు మూడు రోజులు, అంతే అన్నారు. కానీ నారింజదాంట్లో పారాసిటమాల్ ముందే ఉందిగా, మళ్ళీ తెల్లది ఎందుకు అన్నారు. పేరు చదవడం వచ్చినదాన్ని. ఎన్నడూ చదవలేదు.

ఫిబ్రవరి 16

ఇక అమ్మకి తెల్లది ఒక్కటే. రోజుకి మూడు దాటకూడదు, ఆరు గంటల ఎడం. జలుబుకి ఆవిరి. మోకాళ్ళకి పూత మందు, వేడినీళ్ళ కాపడం. మింగినదాంతో పోలిస్తే పూత మందు ఒంట్లోకి దిగేది చాలా తక్కువట.

ట్యూబు మీద డైక్లోఫెనాక్ అని ఉంది. రాబందులు గుర్తొచ్చాయి. పశువులకిచ్చిన ఈ మందే కళేబరాల్లోంచి వెళ్ళి వాటి కిడ్నీలు తీసింది. 2006లో పశువులకి ఆపారు. చిన్నప్పుడు తోట చివర కూర్చునేవి అంటుంది అమ్మ. నేను ఒక్కటీ చూడలేదు.

ఫిబ్రవరి 26. శివరాత్రి

ఉపవాసం వద్దంటే వినలేదు. సాయంత్రం కొంగు ముడిలో ఏదో గట్టిగా తగిలింది. నారింజ బిళ్ళ. పక్కింటి వదినిచ్చిందట. ఖాళీ కడుపున!

అరిచాను. "నొప్పి నాదే, నీది కాదు" అంది. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు.

అరవకుండా ఉండాల్సింది. లెక్క నాదే ఒప్పు. అయినా.

మార్చి 7

క్రియాటినిన్ 1.3. డాక్టరు గారు బాగుంది అనలేదు, చూద్దాం అన్నారు. అమ్మ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టింది.

అట్టల మీద ప్లాస్టరు అంటించి తెలుగులో రాశాను. గుండె. బీపీ. నొప్పి, మూడే.

మార్చి 23. విశాఖ

రాత్రి పదిన్నరకి అమ్మ ఫోను. తనంతట తను చెయ్యదు, ఏమైందోనని గుండె జారిపోయింది.

"రెండేసేను. మూడోది ఎయ్యొచ్చా?"

రెండోది ఎప్పుడు వేశావన్నాను. మూడింటికి అంది. వేసుకో అమ్మా అన్నాను. ఫోను పెట్టలేదు. కాసేపు ఊపిరి ఒక్కటే వినబడింది.

"నొప్పిగా ఉందే."

ఆ మాట అమ్మ నోట ఎప్పుడు విన్నాను?

ఎప్పటి నుంచి అమ్మా, అన్నాను. తిత్లీ తుఫాను అప్పటి నుంచి అంది. 2018. చెట్లన్నీ పడిపోయాక కొత్త కొబ్బరి మొక్కలకి బిందెలతో నీళ్ళు మోసింది కదా, అప్పుడు కుడి మోకాలు. ఎడమది ఆ మరుసటేడు, జీడిపిక్కలు ఏరుతుంటే. మెట్టు దిగేటప్పుడు ఎక్కడ పట్టేస్తుందో, తెల్లవారుజామున ఎలా సలుపుతుందో, ఒకటొకటీ చెప్పుకుంటూ పోయింది. పదకొండున్నర దాటింది.