రాసినవీ, రాయనివీ

ఈ శ్రావణమాసంతో నేను రాయడం మొదలుపెట్టి ఏడేళ్లు నిండాయి. 2018లో మా అమ్మాయి ఐదో తరగతి. తను స్కూలుకీ, మావారు షాపుకీ వెళ్లాక, అత్తయ్యగారు నడుం వాల్చాక దొరికే రెండు గంటల్లో మొదలైన పని ఇది. మొన్న కూర్చుని లెక్కపెడితే 143 తేలాయి. అంటే నెలకి రెండు కూడా పడలేదన్నమాట. దీనివల్ల వచ్చిన డబ్బు సున్నా. నెట్ బిల్లు మావారి ఖాతాలో.

ఏడేళ్లలో ఏం ఒరిగిందో చూసుకుందామనిపించింది. ముందు తేలికవి చెప్పేస్తాను.

టైపింగ్ వచ్చింది. లేఖినిలో మొదలుపెట్టాను. 'న' కోసం కొట్టే మీటనే పెద్దక్షరంగా కొడితే 'ణ' అవుతుంది, 'ల' కూడా అలాగే 'ళ' అవుతుంది. ఆ కిటుకు పట్టుబడకపోతే తుడుచుకునే కళ్లు కాస్తా తాగే కల్లు అయిపోతాయి! ఇప్పుడు ఫోన్లోనే, కూర ఉడికేలోగా ఒక పేరా కొట్టేస్తున్నాను. మధ్యలో తోచినవి పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో పెడతాను. "ఖాళీగా ఉంటుందిగా, రాసుకుంటుంది" అనే చుట్టాలు ఇంకా ఉన్నారు. ఆ పుస్తకం ముందు పేజీలు చూస్తే ఎంత ఖాళీయో వాళ్లకే తెలుస్తుంది.

రాత కూడా కొంచెం మారింది. మొదటి ఏడాది రాసినవన్నీ "ఆడదాని బతుకే అంత" అనో, "ప్రేమే అన్నిటికీ మందు" అనో ముగిసేవి. ఇప్పుడు విషయం అయిపోగానే ఆపేస్తున్నాను. "అత్తయ్యగారు ఎంతో ఆప్యాయంగా వడ్డించారు" అని రాసే బదులు, పెరుగు గిన్నె మీద మీగడ తీసి అందరికన్నా ముందు నా కంచంలో వేశారని రాస్తున్నాను. ఆప్యాయత చదివేవాళ్లకి తెలియదా?

ఇక కష్టమైనది. ఆమధ్య నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "నువ్వు రాసేవన్నీ చదువుతూనే ఉన్నానే. మీ ఇంట్లో అసలు కష్టాలే రావా?" అంది. నవ్వుతూనే అంది, నేనూ నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట వదల్లేదు.

వెనక్కి వెళ్లి చూశాను. ఏడేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ రాసింది 2020లో. ఆ ఒక్క ఏడాదే 31. మిద్దె మీద తోటకూర, పెసరావకాయ, సున్నుండలు, అమ్మాయి నేర్చుకున్న అష్టాచెమ్మా. చదివితే మా ఇల్లు పేరంటంలా ఉంటుంది. సరిగ్గా ఆ ఏడే మావారి షాపు కుప్పకూలింది. మాది పెళ్లి కార్డుల ప్రింటింగ్. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ పెట్టారు. అంటే ఏడాది మొత్తానికీ ఆదుకునే పెళ్లిళ్ల సీజన్ పోయినట్టే. తరవాత పెళ్లికి యాభై మందికి మించకూడదన్నారు. యాభై మందిని ఫోన్లో పిలిస్తే సరిపోతుంది, ఇంక కార్డులెవరు వేయిస్తారు? తేదీ మారిన పెళ్లిళ్ల కార్డులు కట్టలు కట్టలుగా మా ముందు గదిలోకి వచ్చి పడ్డాయి. వాటి వెనకవైపు అమ్మాయి లెక్కలు చేసుకునేది. లాకర్లో ఉన్న నా గాజులు అదే బ్యాంకులో తాకట్టుకి వెళ్లాయి. గది మారాయంతే. 2021లో షట్టర్ దించేశాం. ఇప్పుడు మావారు వేరే ప్రెస్సులో డిజైనింగ్ చూస్తున్నారు.

ఇందులో ఒక్క ముక్క కూడా అప్పుడు రాయలేదు. అలాగని రాసినవి అబద్ధాలు కావు. ఆ ఏడు మిద్దె మీద తోటకూర నిజంగానే ఏపుగా పెరిగింది. పొద్దున్నే దాన్ని చూసుకోవడం, మధ్యాహ్నం దాని గురించి నాలుగు ముక్కలు రాసుకోవడం వల్లే నేను సాయంత్రాలు దాటగలిగాను. పైగా ఆ కష్టం నా ఒక్కదానిదీ కాదు. పదిమందిలో తలెత్తుకు తిరగాల్సిన మనిషి మావారు. ఆయన తేరుకోకముందే నేను ఊరికంతా చెప్పడం నాకు సమ్మతం కాలేదు.

గృహిణి రాతలో అసలు చిక్కు ఇక్కడే ఉందనుకుంటాను. మనకున్న సరుకంతా ఇల్లే. ఆ ఇంట్లో ప్రతి కథకీ ఇద్దరు ముగ్గురు హక్కుదారులు ఉంటారు. కథ రాసే చెయ్యి మాత్రం ఒక్కటే. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోనే తేల్చి చెప్పింది: "అమ్మా, నా మార్కులు, నా ఫ్రెండ్స్, నా ఫొటోలు. ఈ మూడూ వద్దు. మిగతావి నీ ఇష్టం." ఆ మిగతావాటిలో అష్టాచెమ్మా తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా ఆ మాట మీదే నడుస్తున్నాను.

ఇలాంటప్పుడు భండారు అచ్చమాంబగారు గుర్తొస్తారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ చదువు పట్టిన మనిషి. ఆవిడ కథ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. తెలుగులో తొలి కథ అదేనని చాలామంది అంటారు. పండగ పూట చేతిలో డబ్బు లేని దంపతుల కథ అది. అంటే మన ఆడవాళ్లు పత్రికల కోసం రాయడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఇంట్లో డబ్బు లేకపోవడం గురించి రాశారన్నమాట. కాకపోతే కథలో పేర్లు మారతాయి, ఎవరి గుట్టూ బయటపడదు. ఆ తరవాత మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' దశాబ్దాల పాటు నడిపారు. మా అమ్మ ముందు ఆ పేజీ చదివాకే మిగతా పుస్తకం తిప్పేది. అక్కడ అడిగినవాళ్ల కష్టానికి అడిగినవాళ్లే సొంతదారులు. సొంత ఇల్లు గురించి, సొంత పేరుతో, చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్లేలా రాసే నాలాంటివాళ్లకి ఆ చాటు లేదు.

అందుకని నాకు తెలిసిన దారి ఒక్కటే, అడగడం. ఇది రాసి మావారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "రాయి. అంకెలు మాత్రం తీసెయ్" అన్నారు. తీసేశాను. మా ఇద్దరి మధ్య ఆ ఏడాది గురించి ఇంత తాపీగా మాట నడవడం ఇదే మొదటిసారి. నా ఏడేళ్ల రాతకి దక్కినదేదైనా ఉంటే అది ఇదే అనుకున్నాను.

అడగలేని మనిషి ఒకరున్నారు. నా మొదటి శ్రోత మా అత్తయ్యగారే. తెనాలి వైపు మనిషి. మా పుట్టింటి 'పోపు' ఆవిడకి 'తిరగమోత'. ఏది రాసినా చదివి వినిపిస్తే, "అది ఆషాఢంలో కాదమ్మాయ్, మాఘంలో" అని దిద్దేవారు. రెండేళ్లుగా ఆవిడకి మతిమరుపు. ఇంతవరకూ చెప్పడానికి మావారూ, ఆడపడుచులూ ఒప్పుకున్నారు. ఇక ఆవిణ్ణి అడిగితే దేనికైనా "సరేలేమ్మా" అంటారు. అన్నిటికీ సరే అనేవాళ్ల దగ్గర తీసుకున్న సరేని నేను సరేగా లెక్కేసుకోలేను. కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో రోజూ జరిగేది, రాస్తే మీ అందరి గుండె పట్టేసేది ఎంతో ఉన్నా, రాయను. స్నేహితురాలికి నేనివ్వగల జవాబు ఇదే. కష్టాలు వస్తాయి. కొన్నిటికి వాటి సొంతదారులు తాళం తీస్తే మీకు చెప్తాను. కొన్నిటికి తీసేవాళ్లు ఉండరు.

ఆవిడ తెలివిడిగా ఉన్నప్పుడు చెప్పి, విని, దిద్దినవి మాత్రం నా దగ్గర 38 ఉన్నాయి. రుబ్బురోలు పొత్రం సంగతులు, కుంపటి మీద వంటలు, పెళ్లయిన కొత్తలో రెండెడ్ల బండిలో కాపురానికి రావడం. సాయంత్రం దీపం పెట్టాక రోజుకొకటి ఆవిడకే చదివి వినిపిస్తున్నాను. ఇప్పటికి పన్నెండు అయ్యాయి. రేపు తరవాణి.