మిగిలినవి సున్నా

మన కాలేజీలో ఎవరి రెజ్యూమె తీసినా ఇప్పుడు పవర్ బీఐ అనో టాబ్లో అనో ఒక ముక్క కనబడుతుంది. ప్రాజెక్టు కూడా దాదాపు అందరిదీ ఒకటే, సూపర్‌స్టోర్ సేల్స్ డ్యాష్‌బోర్డ్. టాబ్లోతో పాటు వచ్చే ఆ శాంపిల్ డేటాలో కుర్చీలు, బైండర్లు, ఫోన్లు అమెరికా ఊళ్లలో అమ్ముడవుతూ ఉంటాయి. ఏ రాష్ట్రంలో నష్టం వచ్చిందో మనం ఎర్ర రంగులో చూపిస్తాం, సార్ మార్కులు వేస్తారు. ఆ కుర్చీల కొట్టు రేపు మూతపడినా మనలో ఎవరికీ నిద్ర చెడదు.

నాకు నిద్ర చెడే కొట్టు ఒకటుంది. మా అమ్మ నడిపే కర్రీ పాయింట్. బెజవాడలో మా వీధి చివర, మధ్యాహ్నం ఒక పూట, సాయంత్రం ఒక పూట. పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక పులుసు, ఒక పచ్చడి, ఆదివారం చికెన్. బ్యాచిలర్లు, ఉద్యోగాలకెళ్లే ఆడవాళ్లు, పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లు, వీళ్లే మా కస్టమర్లు. పోయిన వేసవిలో నూనె, గ్యాస్, అద్దె పోను చేతిలో ఏమీ మిగలడం లేదని అమ్మ ఒక ఆలోచనకొచ్చింది. కూరగాయలు తరగడానికి వచ్చే అక్కని సాయంత్రం పూట మాన్పించడం. నెలకి మూడు వేలు కలిసొస్తాయి. కానీ ఆ మూడు వేలతోనే అక్క వాళ్ల బాబు ట్యూషన్ ఫీజు కడుతోందని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ మాట రెండు వారాలు ఇంట్లోనే తిరిగింది తప్ప అక్క దాకా వెళ్లలేదు.

అమ్మ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. రోజూ ఏ కూర ఎన్ని ప్యాకెట్లు కట్టింది, రాత్రి ఎన్ని మిగిలాయి, రెండూ రాస్తుంది. సెలవుల్లో మూడు నెలల పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. తేదీ, పూట, కూర, కట్టినవి, మిగిలినవి. ఒక పూట ఒక కూరకి ఒక వరుస. దాదాపు 1,400 వరుసలు వచ్చాయి. ఎక్కించడానికే ఐదు రోజులు పట్టింది. ఎందుకంటే అమ్మ రాత అమ్మకే అర్థమవుతుంది. 'దొం' అంటే దొండకాయ. బాగానే ఉంది. 'బీ' అంటే ఏమిటి? బీరకాయా, బీన్సా, బీట్‌రూటా? "ఆ రోజు ఏ వారమో చెప్పు, చెప్తాను" అంది అమ్మ. మంగళవారమైతే బీరకాయట! క్లాసులో డేటా క్లీనింగ్ అని ఒక స్లైడులో దాటేసే పని ఇదే. శుభ్రం చేయడానికి సాఫ్ట్‌వేర్‌లో బటన్లు ఉన్నాయి గానీ, 'బీ' అంటే ఏమిటో తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఆ బటన్లు ఎందుకూ పనికిరావు.

పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. టాబ్లో పబ్లిక్ కూడా ఉచితమే, కానీ అందులో పబ్లిష్ చేసింది ఎవరైనా చూడొచ్చు. ఇంటి లెక్కలు ఊరందరికీ ఎందుకని దాని జోలికి పోలేదు. కోర్సులో నేర్పిన గేజులు, డోనట్లు ఏవీ పెట్టలేదు. అమ్మ చూసేది ఫోన్‌లో, అదీ పొయ్యి దగ్గర నిలబడి. అందుకని ఒకే ఒక పట్టిక. నిలువున వారాలు, అడ్డంగా కూరల పేర్లు, అన్నీ తెలుగులో. ఎక్కువ మిగిలిన చోట ముదురు రంగు, తక్కువ మిగిలిన చోట లేత రంగు. దాన్ని బొమ్మగా వాట్సాప్‌లో పంపాను.

ఇంట్లో అందరి అనుమానం శనివారం మీద. ఒక్కపొద్దుల వల్ల ఆ రాత్రి చాలామంది టిఫిన్‌తో సరిపెట్టుకుంటారు కదా. చార్టులో శనివారం లేతగానే ఉంది. ఆ సంగతి ఎప్పుడో తెలిసిన అమ్మ ఆ రోజు వండేదే తక్కువ. ఆదివారం కూడా పెద్ద ముదురుగా లేదు. కానీ అదే ఆదివారాన్ని మధ్యాహ్నం, రాత్రి అని రెండుగా విడగొట్టగానే బొమ్మ మారిపోయింది. మధ్యాహ్నం చికెన్‌తో పాటు అన్నీ ఊడ్చుకుపోతున్నాయి. రాత్రికి మాత్రం వేపుళ్లు, సాంబారు కలిపి సగటున 22 ప్యాకెట్లు మిగులుతున్నాయి. మిగతా రోజుల్లో రాత్రికి మిగిలేవి ఏడు. రెండు పూటలనీ కలిపిన సగటు ఈ తేడాని ఇన్నాళ్లూ కప్పేసింది.

ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే స్టాటిస్టిషియన్ 1973లో ఇదే విషయం చూపించాడు. ఆయన తీసుకున్నవి నాలుగు చిన్న డేటాసెట్లు, ఒక్కోదాంట్లో 11 బిందువులు. సగటు, కోరిలేషన్ లాంటి లెక్కలన్నీ నాలుగింటికీ దాదాపు సమానం. గీసి చూస్తే నాలుగు బొమ్మలకీ పోలికే ఉండదు. పరీక్షకి చదివినప్పుడు అది నాకు రెండు మార్కుల ప్రశ్న. సాంబారు ప్యాకెట్లలో కనబడ్డాకే అది లెక్క అనిపించింది.

అసలు సంగతి అమ్మ పట్టుకుంది. పట్టికలో గుత్తి వంకాయ గడులన్నీ తెల్లగా ఉన్నాయి. మిగిలినవి 0. చూడ్డానికి మా మెనూలో అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న కూర అదే. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది బాగున్నట్టు కాదే, చాలనట్టు. ఏడున్నరకల్లా అయిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు వంకాయ లేదా అని అడిగి వెళ్లిపోతారు" అంది.

అడిగి వెళ్లిపోయినవాళ్లు ఏ నోట్‌బుక్‌లోనూ ఉండరు. అమ్మిన దానికి లెక్క ఉంటుంది, మిగిలిన దానికి లెక్క ఉంటుంది. లేదన్న దానికి ఉండదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా రాయని దాన్ని గీయలేదు. ఆ మర్నాటి నుంచి నోట్‌బుక్‌లో ఇంకో గడి చేరింది, 'అయిపోయిన టైము'. పక్కన, లేదన్న ప్రతి మనిషికీ ఒక గీత. రెండు వారాల్లో గుత్తి వంకాయ ఎదురుగా సాయంత్రానికి పది, పన్నెండు గీతలు పడ్డాయి.

చార్టుల చరిత్రలో కూడా ఇలాంటి ఖాళీ ఒకటుంది. స్కాట్లండ్‌కి చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో వేసిన 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్'లో దేశాల వ్యాపారాన్ని ఏళ్ల వెంబడి సాగే గీతలతో చూపించాడు. స్కాట్లండ్ దగ్గరికి వచ్చేసరికి ఆయనకి దొరికింది ఒక్క ఏడాది లెక్కే. ఒక్క ఏడాదితో గీత సాగదు కాబట్టి ఒక్కో దేశంతో జరిగిన ఎగుమతులు, దిగుమతులను పట్టీలుగా గీశాడు. మనం రోజూ వాడే బార్ చార్టుకి మొదలు అదే. తన దగ్గర ఏ డేటా లేదో ఆయనకి తెలుసు, దానికి తగ్గ బొమ్మే వేశాడు.

ఇప్పుడు మా కొట్లో ఆదివారం రాత్రి ఒక్కటే వేపుడు, సాంబారు సగం. గుత్తి వంకాయ చేసే మూడు రోజులూ పది ప్యాకెట్లు అదనం. దీంతో మా కష్టాలన్నీ తీరాయని చెప్పను. మూడు వేల లోటులో సగం పైన పూడింది, మిగతాది ఇంకా వెతుకుతున్నాం. అక్క మాత్రం సాయంత్రాలు వస్తూనే ఉంది. గుత్తి వంకాయ పెరిగాక ఆమె లేకుండా పని జరగదని అమ్మే అంటోంది. కార్తీకం వస్తే చికెన్ లెక్కలన్నీ మళ్లీ తారుమారవుతాయి, అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

ఫ్రెండ్స్, మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటి నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. పాల లెక్కో, కిరాణా ఖాతానో, ఆటో కలెక్షనో, టైలరింగ్ ఆర్డర్లో. ఈసారి ప్రాజెక్టుకి సూపర్‌స్టోర్‌ని పక్కనపెట్టి దాన్ని అడిగి తీసుకోండి. చార్టు గీశాక దాన్ని ముందు సార్‌కి చూపించకండి, ఆ నోట్‌బుక్ రాసినవాళ్లకి చూపించండి. ఏ గడి ఎందుకు ఖాళీగా ఉందో వాళ్లే చెప్తారు.